తీరికగా ఇటలీ యాత్ర



ఇటలీ యాత్ర గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. "మంత్రాలయం వెళ్ళిరావడానికే నెల రోజులు ఆలోచిస్తాం, మనకెందుకమ్మా ఇటలీ?" అనుకోవచ్చు. కానీ చూడండి, మన సరిహద్దు జిల్లాల్లో ఇప్పుడు వీధికొక ఇంటి పిల్లలైనా విదేశాల్లో ఉంటున్నారు. తల్లిదండ్రుల్ని రమ్మంటున్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఒక్కసారి ఐరోపా చూసి వద్దామనుకునే దంపతులూ పెరిగారు. చాలామందికి అది జీవితంలో ఒకేసారి దొరికే ప్రయాణం. అలాంటిదాన్ని తొందరపాటుతో పాడుచేసుకోకూడదు. ఆ పొరపాటు మేం ఒకసారి చేశాం కాబట్టే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మాది హంపికి దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా నాన్నగారూ ఉపాధ్యాయులే, చరిత్ర చెప్పేవారు. హంపికి పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడల్లా నికొలో కోంతి అనే ఇటలీ వర్తకుడి కథ చెప్పేవారు. వెనిస్ పక్కనున్న కియోజ్జా అనే ఊరు కోంతిది. 1419 ప్రాంతంలో డమాస్కస్ నుంచి బయలుదేరి, దాదాపు 25 ఏళ్ళు తూర్పు దేశాలు తిరిగాడు. ఆ దారిలోనే మన విజయనగరం చూశాడు. 1444లో వెనిస్ చేరాక ఆయన చెప్పినదాన్ని పోప్ కార్యదర్శి పొజ్జో బ్రాచ్చొలీనీ లాటిన్ భాషలో రాసిపెట్టాడు. విజయనగరం చుట్టుకొలత 60 మైళ్ళని అందులో ఉంది. "మన ఊరు చూడడానికి అంత దూరం నుంచి వచ్చినవాడి ఊరు మనమూ ఒకసారి చూడాలి" అనేవారు నాన్నగారు.

2017లో డబ్బు కూడబెట్టి, ఒక యాత్రా బృందంతో నాన్నగారినీ అమ్మనీ తీసుకువెళ్ళాం. ఎనిమిది రోజులు, ఆరు ఊళ్ళు. మిలాన్, వెనిస్, పీసా, ఫ్లోరెన్స్, రోము, నేపుల్స్. కాగితం మీద చూస్తే ఎంతో బాగుంది. తెల్లవారకముందే పెట్టెలు సర్దడం, బస్సెక్కడం, దిగి ఫోటోలు తీసుకోవడం, మళ్ళీ బస్సెక్కడం. వెనిస్‌కు ఇచ్చింది మూడు గంటలు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. ఆ ఊళ్ళో రెండడుగులకొక వంతెన, ప్రతి వంతెనకూ మెట్లు. రెండో వంతెన దగ్గరే కూర్చుండిపోయారు. ఇక కియోజ్జా మాటెక్కడ? తిరిగి వచ్చాక ఆయన ఒకటే మాట అన్నారు. "వెళ్ళొచ్చామమ్మా, చూసిరాలేదు." 2021లో నాన్నగారు పోయారు. 2024 దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని మావారూ నేనూ మళ్ళీ వెళ్ళాం. ఈసారి ప్రణాళిక మేమే వేసుకున్నాం. అది ఎలా వేయాలన్నదే ఈనాటి విషయం.

మొదట ఒక చిన్న లెక్క చేద్దాం. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కు వెళ్ళాలి, ప్రయాణం చేయాలి, కొత్త ఊళ్ళో గది వెతుక్కోవాలి, అది ఇచ్చేదాకా కూర్చోవాలి. రైలు ప్రయాణం గంటన్నరే అయినా పోయేది సగం రోజే. ఎనిమిది రోజుల్లో ఆరు ఊళ్ళంటే ఐదు మార్పులు. అంటే రెండున్నర రోజులు పెట్టెలకే ఇచ్చామన్నమాట. వచ్చే రోజూ, పోయే రోజూ తీసేస్తే ఇక మిగిలేదెంత? అందుకని ఏ ఊళ్ళు చూడాలన్న జాబితా తర్వాత రాసుకోండి. ఏ ఊళ్ళు వదిలేస్తామన్నది ముందు తేల్చుకోండి. రెండు వారాలకు నాలుగు మజిలీలు చాలు. ఒక్కో చోట కనీసం మూడు రాత్రులు ఉండాలి.

మేము వేసుకున్నది ఇది. రోములో నాలుగు రాత్రులు, ఓర్వియేతో దగ్గర పల్లెలో మూడు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో మూడు. మొత్తం 13 రాత్రులు. పటం చూస్తే ఇవన్నీ దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే దారిలో ఉంటాయి. విమానం టికెట్టు కూడా రోములో దిగి, వెనిస్‌లో ఎక్కేలా తీసుకున్నాం. వెళ్ళిన ఊరికే తిరిగి రావాలన్న నియమం పెట్టుకుంటే మరో రోజు దండగ. మిలాన్, నేపుల్స్, పీసా వదిలేశాం. వదిలేసినందుకు ఒక్కరోజు కూడా బాధ కలగలేదు.

రోజును ఎలా గడపాలన్నదీ చెప్పుకోవాలి. పొద్దున ఒక్క పని, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం కాళ్ళు ఎటు తీసుకువెళితే అటు. పొద్దుటి పనికి మాత్రం టికెట్టు ముందే తీసుకోవాలి. రోములో కొలోసియం టికెట్టు మీద పేరూ, సమయమూ ఉంటాయి. సెలవులు కూడా చూసుకోండి. వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసి ఉంటుంది, నెలలో చివరి ఆదివారం తప్ప. ఫ్లోరెన్స్‌లో బొత్తిచెల్లి చిత్రాలున్న ఉఫీత్సీకి సోమవారం సెలవు. చర్చీల్లోకి వెళ్ళాలంటే భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. చీరకట్టు వాళ్ళకు ఆ చిక్కు లేదు.

మధ్యాహ్నం విశ్రాంతి మనం కనిపెట్టింది కాదు, వాళ్ళ అలవాటే. చిన్న ఊళ్ళలో ఒంటిగంట దాటితే దుకాణాలు మూసేసి, మూడున్నరకో నాలుగింటికో తెరుస్తారు. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకడం కష్టం. మన ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో గుర్తు చేసుకోండి, అంతే.

ఇక రైళ్ళు. వేగంగా పోయే రైళ్ళకు టికెట్టు ఎంత ముందు కొంటే అంత చవక. రోము నుంచి ఫ్లోరెన్స్‌కు గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కు రెండుంబావు గంటలు పడుతుంది. మన పాసింజరు బండ్లలాంటి ప్రాంతీయ రైళ్ళకు ధర ఎప్పుడూ ఒకటే, తొందరపడక్కరలేదు. అయితే వాటి కాగితం టికెట్టు మీద ఎక్కేముందే స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా. బోర్డుల మీద ఊళ్ళ పేర్లు వాళ్ళ భాషలోనే ఉంటాయి. రోము రోమా అవుతుంది, ఫ్లోరెన్స్ ఫిరెంజే, వెనిస్ వెనేత్సియా. వెనేత్సియా మెస్త్రె అన్న స్టేషన్‌లో దిగిపోకండి, అది నీళ్ళకు ఇవతలి ఊరు. అసలు వెనిస్‌కు శాంతా లుచియా దాకా వెళ్ళాలి. జేబుదొంగలు పెద్ద స్టేషన్లలోనూ, కిక్కిరిసిన బస్సుల్లోనూ ఉంటారు. డబ్బూ పాస్‌పోర్టూ ఒంటికి అంటిపెట్టుకునే సంచిలో ఉంచుకోండి.

కారు అద్దెకు తీసుకుందామనుకునేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్ళాలి. పాత ఊళ్ళ నడిబొడ్డున బయటివాళ్ళ కార్లు రాకూడని వీధులుంటాయి. కెమెరాలు నంబరు పట్టేస్తాయి. మీరు ఇల్లు చేరిన కొన్ని నెలలకు జరిమానా చీటీ వస్తుంది. పట్నాల్లో కారు వద్దు. పల్లెల్లో తిరగడానికైతే సరే.

పల్లె సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అమ్మకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇటలీలో అగ్రితురిస్మో అనే పద్ధతి ఉంది. రైతు తన ఇంట్లో అతిథులకు గదులిచ్చి, పొలంలో పండినవి వండిపెడతాడు. వ్యవసాయం ముఖ్యవృత్తిగా ఉన్నవారికే ఈ అనుమతి. 1985లో దీనికోసం చట్టం చేశారు. పల్లెలు ఖాళీ అయిపోతున్న కాలంలో, రైతు నేల వదలకుండా నాలుగు డబ్బులు చూసుకునే మార్గం ఇది. ముందుగా రాసి అడిగితే కొందరు స్టేషన్‌కు వచ్చి తీసుకువెళతారు. మేం అలా అడిగే వెళ్ళాం.

ఓర్వియేతో ఒక బండకొండ మీది ఊరు. స్టేషన్ కింద ఉంటుంది. అక్కడినుంచి పట్టాల మీద పైకి లాగే బండి ఉంది, మెట్లెక్కే పని లేదు. పైన 1290లో మొదలుపెట్టిన పెద్ద చర్చి, పోప్ ఏడవ క్లెమెంట్ తవ్వించిన లోతైన బావి ఉన్నాయి. బావికి దిగే మెట్లు వేరు, ఎక్కే మెట్లు వేరు. నీళ్ళు మోసే కంచరగాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా అలా కట్టారు. 248 మెట్లు. మావారూ నేనూ దిగి వచ్చాం, అమ్మ పైన బల్లమీద కూర్చుంది. మనిషి మనిషికీ వేరే లెక్క ఉంటుంది. అందరూ అన్నీ చూడాలన్న పట్టుదల పెద్దవాళ్ళున్న ప్రయాణంలో పనికిరాదు.

అక్టోబరులో అక్కడ ద్రాక్షకోతలు ముగుస్తాయి, ఆలివ్ కాయలు రాల్చడం మొదలవుతుంది. చెట్టు కింద వలలు పరిచి, చిన్న దంతెలతో కొమ్మల్ని దువ్వుతారు. మన చింతచెట్టు కింద దుప్పట్లు పరిచి కాయ దులుపుతామే, అచ్చం అలాగే. అమ్మకు ఇటాలియన్ రాదు, ఆ ఇంటావిడకు తెలుగు రాదు. ఇద్దరూ ఒక గంపలో ఆకులు ఏరుతూ గంట గడిపారు. ఆవిడ మాటలు వింటూ అమ్మ, "ఈ భాషలో అన్నీ మనలాగే సాగుతాయే!" అంది. నిజమే. వాళ్ళ మాటలూ మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇల్లు కాసా, చంద్రుడు లూనా, నీళ్ళు ఆక్వా, రొట్టె పానె. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అనడానికి కారణం అదే. ఒక ఇరవై మాటలు నేర్చుకు వెళ్ళండి, నోరు తిరగడం కష్టం కాదు.

శాకాహారులు "సెన్జా కార్నె" అంటే చాలు, మాంసం లేకుండా అని అర్థం. పోమొదోరో అంటే టమాటా. వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనెతో చేసే పాస్తా మన నోటికి హితవుగా ఉంటుంది. మరినారా పీజ్జాలో చీజు ఉండదు. ఒక సంగతి మాత్రం తెలుసుకోండి. పార్మిజానో చీజును దూడ కడుపులోనుంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవారు అది వద్దని చెప్పాలి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ. రోము వీధుల్లో ఎక్కడబడితే అక్కడ మంచినీళ్ళ కుళాయిలుంటాయి, సీసా నింపుకోవచ్చు.

గది తీసుకునేటప్పుడు లిఫ్టు ఉందా అని అడగండి. వాళ్ళ మాటలో అషెన్సోరె. పాత భవనాల్లో చాలావాటికి ఉండదు. మందులషాపుకు ఆకుపచ్చ శిలువ గుర్తు, అత్యవసరానికి ఫోను నంబరు 112.

వీసా మాట. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేలిముద్రలు ఇవ్వడానికి బెంగళూరు, చెన్నై, హైదరాబాదు వంటి నగరానికి స్వయంగా వెళ్ళాలి. 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. ఆఖరి నెలదాకా ఆగితే తేదీ దొరకదు. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో ప్రయాణికుల వివరాలను యంత్రంలో నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది. వరుసలు పెద్దవి కావచ్చు, కాబట్టి దిగిన వెంటనే మరో రైలు పెట్టుకోకండి.

చివరికి వెనిస్. పగలు వచ్చి సాయంత్రం పోయేవాళ్ళతో ఆ ఊరు తిరునాళ్ళలా ఉంటుంది. 2024 నుంచి రద్దీ ఉండే కొన్ని రోజుల్లో, అలా వచ్చిపోయేవాళ్ళ దగ్గర ప్రవేశరుసుము కూడా తీసుకుంటున్నారు. రాత్రి బసచేసేవారికి అది లేదు. సాయంత్రం ఐదు దాటాక జనం పల్చబడతారు. అప్పుడు నీటిబస్సులో పెద్దకాలువ ఈ చివరినుంచి ఆ చివరకు కూర్చుని వెళ్ళండి. రెండు మూడు రోజుల పాసు తీసుకుంటే చవక. అమ్మ ఎక్కిన వంతెనలు తక్కువే. ఊరు మాత్రం పడవలోనుంచి తనివితీరా చూసింది.

ఆఖరి రోజు ఎక్కడికీ టికెట్లు తీసుకోలేదు. పొద్దున బస్సెక్కితే గంటలో కియోజ్జా. చేపల పడవలూ, కాలువలూ ఉన్న మామూలు ఊరు. అక్కడ నాన్నగారికి చూపించవలసిన గొప్ప కట్టడమేదీ మేం వెతకలేదు. కాలువ ఒడ్డున బల్లమీద కూర్చున్నాం. "ఇక్కడినుంచా మన హంపికి వచ్చింది!" అని అమ్మ రెండుసార్లు అంది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. మమ్మల్ని లెమ్మనేవాళ్ళెవరూ లేరు.

మీరు ఇటలీ వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా, మీ ఇంటి పెద్దవాళ్ళు ఏది చూడాలనుకుంటున్నారో ముందు అడగండి. దానికి ఒక రోజు పూర్తిగా విడిచిపెట్టండి. మిగతా ఊళ్ళన్నీ ఆ తర్వాతే.