గాలికి తలుపు విరిగితే ఎవరు కడతారు?

ముప్పై ఒక్క ఏళ్లు జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేశాను. అందులో సగం పైగా విశాఖపట్నంలో, మోటారు క్లెయిముల సీట్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక నెలల తరబడి నా బల్ల నిండా ఫొటోలే. చెట్టు కింద నలిగిన కారు, ప్రహరీ గోడ కూలిపడ్డ కారు, ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన రేకు దిగబడ్డ కారు. కాంప్రిహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్లకి ఇచ్చాం. మన దేశంలో ఆ పాలసీ కాగితం మీదే తుపాను, గాలివాన అని అచ్చువేసి ఉంటుంది మరి.

అలాంటి నేను రెండేళ్ల కిందట ఐస్‌లాండ్‌లో అద్దె కారు తలుపు గాలికి విరగ్గొట్టుకుని, దానికి ఏ కవరూ లేదని తెలిసి నోరెళ్లబెట్టాను.

మా అబ్బాయి, కోడలు డబ్లిన్‌లో ఉంటారు. మేం వెళ్లినప్పుడు ఆరు రోజులు ఐస్‌లాండ్ తిప్పి చూపిస్తామన్నారు. మా ఆవిడకి ఒకటే కోరిక, మంచుగడ్డలు తేలే ఆ యోకుల్‌సార్లోన్ సరస్సు చూడాలని. సెప్టెంబరు. కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగి కారు కౌంటరు దగ్గరికి వెళ్లాం. అక్కడున్న అమ్మాయి ఒక కాగితం ముందుంచి గడగడా చదివింది. సీడీడబ్ల్యూ అద్దెలోనే ఉంది. కంకర రాళ్లకి ఒకటి, ఇసుక, బూడిదలకి ఒకటి, దొంగతనానికి ఒకటి. అన్నీ కలిపిన పెద్ద ప్యాకేజీ అయితే రోజుకి 3,900 క్రోనాలు అదనం. ఆరు రోజులకి మన డబ్బులో పద్నాలుగు వేలు దాటుతుంది.

మావాడు నా వైపు చూశాడు. "నాన్నా, తీసుకుందామా?"

నేనేమన్నానో ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "వద్దురా. కౌంటరులో అమ్మేవి కమీషన్ కోసం అమ్ముతారు. ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను, నాకు తెలీదా?" కంకరది ఒక్కటి తీసుకుని సంతకం పెట్టించాను. అక్కడ కంకర రోడ్లు చాలానే ఉంటాయి, ఎదురొచ్చే బండి నుంచి రాయి ఎగిరి అద్దానికి తగలడం మామూలే. అంతవరకు నా లెక్క తప్పు కాదు.

నేను పొరపడింది ఎక్కడంటే, సీడీడబ్ల్యూ అన్న మాట దగ్గర. అది మన కాంప్రిహెన్సివ్ పాలసీ లాంటిదే అనుకున్నాను. కాదు. కొలిజన్ డ్యామేజ్ వేవర్ అని దాని పూర్తి పేరు. వేవర్ అంటే మాఫీ. కారు దెబ్బతింటే ఇంతవరకు నీ దగ్గర వసూలు చేస్తాం, ఆపైది అడగం అని అద్దె కంపెనీ ఇచ్చే మాట. ఆ 'ఇంత'నే ఎక్సెస్ అంటారు. మన దగ్గర సొంత కారుకి తప్పనిసరి ఎక్సెస్ 1500 సీసీ లోపయితే వెయ్యి రూపాయలు, పైబడితే రెండు వేలు. మా కాగితం మీద 3,50,000 క్రోనాలుంది. అంటే రెండు లక్షల రూపాయల పైమాటే! ఆ మొత్తానికి మావాడి క్రెడిట్ కార్డు మీద బ్లాకు పెట్టుకున్నారు కూడా.

అంతకన్నా పెద్ద సంగతి వెనక పేజీలో ఉంది. ఆ మాఫీ కొన్నిటికి అసలు వర్తించదు. టైర్లు, కారు అడుగు భాగం, నదిలో దింపితే వచ్చే నష్టం, గాలికి విరిగిన తలుపులు. వీటికి ఎక్సెస్ అనే గీత కూడా లేదు, ఎంతయితే అంతా మనదే. ఆ పేజీ నేను తిప్పలేదు.

నిజానికి ఆ అమ్మాయి చెప్పింది. "గాలికి ఎదురుగా ముందు భాగం ఉండేలా కారు ఆపండి. తలుపు చేత్తో గట్టిగా పట్టుకుని తీయండి" అంది. నేను నవ్వాను. హుద్‌హుద్ చూసినవాణ్ణి, గాలి గురించి నాకు చెబుతోందని.

మూడో రోజు వీక్ అనే చిన్న ఊరి పక్కన, రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం దగ్గర కారు ఆపాం. గాలి వెనక నుంచి కొడుతోంది. వెనక సీట్లో ఉన్నవాణ్ణి, అందరికన్నా ముందు దిగాలని తలుపు గడి తీశాను. అంతే. తలుపు నా చేతిలోంచి ఊడిపోయినట్టయింది. ముందుకి విసురుగా తిరిగి, కీలు వంగి, ముందు తలుపు అంచు నొక్కుకుపోయి ఆగింది. టప్‌మని ఒక్క చప్పుడు. అక్కడ చెట్టు లేదు, రేకు లేదు, తుపానూ లేదు. వాళ్లకది మామూలు రోజు.

తలుపు మళ్లీ పడలేదు. కోడలు తన చున్నీ తీసిచ్చింది. దాన్ని లోపలి పిడికి చుట్టి ఇవతలి సీటు బెల్టుకి కట్టాం. కంపెనీకి ఫోన్ చేస్తే, అలా ముందుకి వెళ్లొద్దు, నెమ్మదిగా వెనక్కి తీసుకొచ్చేయండి అన్నారు. రేక్యావిక్ దాదాపు 180 కిలోమీటర్లు. సరస్సు అటు, మేమిటు. దారి పొడవునా చున్నీ సందులోంచి గాలి ఈల వేస్తూనే ఉంది. మావాడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది. మా ఆవిడ మాత్రం "పోనీండి, మంచుగడ్డలే కదా, ఫ్రిజ్‌లో చూసుకుంటాలే" అంది.

బిల్లు 2,65,000 క్రోనాలు. మరమ్మతుకి 2,40,000, ఆఫీసు ఖర్చులంటూ మరో 25,000. రూపాయల్లో లక్షా అరవై వేలు. పెద్ద ప్యాకేజీ తీసుకుని ఉంటే గాలి దెబ్బకి మా వాటా 90,000 క్రోనాల దగ్గర ఆగేదని అప్పుడు చూపించారు. "ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదమ్మా" అన్నాను నేను, తెలుగూ ఇంగ్లీషూ కలిపి.

అనగానే నాకు గాజువాక నుంచి వచ్చిన ఒకాయన గుర్తొచ్చాడు. హుద్‌హుద్‌లో ఆయన పాత కారు మీద గోడ పడింది. ఆయనది థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే తప్ప సొంత కారుకి పైసా రాదు. మూడుసార్లు తిరిగాడు. ప్రతిసారీ "సార్, ఇన్సూరెన్స్ ఉంది కదా" అనేవాడు. ప్రతిసారీ నేను అదే గీత వేలితో చూపించేవాణ్ణి. చేసింది తప్పు కాదు గానీ, ఒకసారైనా కూర్చోబెట్టి చెప్పానా అంటే చెప్పలేదు.

సరే, మా కథలో ఓ మలుపుంది. మావాడు డబ్లిన్‌లో ఏడాదికి ఒకసారి కట్టే ఒక పాలసీ ఉంది. అద్దె కార్ల ఎక్సెస్ తిరిగిచ్చే పాలసీ అది. యూరప్‌లో తరచు కార్లు అద్దెకి తీసుకునేవాళ్లు ఇలాంటివి కొనుక్కుంటారు, కౌంటరు ధరతో పోలిస్తే బాగా చవక. కాకపోతే ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లులు చూపించి తెచ్చుకోవాలి. కౌంటరులో ఆ పాలసీ చూపించినా లాభం లేదు. అది వాళ్లది కాదు, కార్డు మీద బ్లాకు ఎలాగూ పెడతారు. బుకింగ్ సైట్లు 'ఫుల్ కవర్' అని అమ్మేవీ చాలావరకు ఈ బాపతే. చాలామంది మనవాళ్లు అది కట్టేశాం కదా అని కౌంటరు దగ్గర వాదించి నీరసపడేది ఇందుకే.

ఆ క్లెయిము పని నేను నెత్తినేసుకున్నాను. అద్దె ఒప్పందం, తీసుకున్నప్పటి కారు ఫొటోలు, తిరిగిచ్చినప్పటి డ్యామేజ్ రిపోర్టు, మరమ్మతు బిల్లు, కార్డు స్టేట్‌మెంటు, నడిపినవాడి లైసెన్సు. ఇంకో కాగితం కావాలని రెండుసార్లు మెయిలొచ్చింది. ఇలాంటి ఉత్తరాలు నా సంతకంతో ఎన్ని వెళ్లి ఉంటాయో! తొమ్మిది వారాలకి మరమ్మతు డబ్బు వచ్చింది. ఆఫీసు ఖర్చుల 25,000 మాత్రం రాలేదు, ఆ పాలసీ వెనక పేజీలో అది ఇవ్వమని రాసి ఉంది.

ఇక్కడో ముక్క చెప్పాలి. ఆ రకం పాలసీలు చాలావరకు అక్కడ నివాసం ఉండేవాళ్లకే అమ్ముతారు. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్లేవాళ్లు మన ట్రావెల్ పాలసీలోనే అద్దె కారు ఎక్సెస్ అనే అంశం ఉందేమో అడగాలి. కొన్నింటిలో ఉంటుంది. ఉన్నా దాని పరిమితి ఎంతో చూసుకోండి.

ఐస్‌లాండ్ వెళ్లేవాళ్లు ఎందరులే అనుకోవచ్చు. అమెరికా సంగతి చెప్తాను, అక్కడ ప్రమాదం వేరే వైపు నుంచి వస్తుంది. మన దేశంలో కారు గుద్ది ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా థర్డ్ పార్టీ పాలసీకి గరిష్ఠ పరిమితి లేదు, ట్రిబ్యునల్ ఎంతంటే అంత ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. ఆ అలవాటుతో అమెరికాలోనూ అంతేలే అనుకుంటాం. అక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక కనీస పరిమితి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. కాలిఫోర్నియాలో 2025 జనవరి దాకా ఇంకా తక్కువ, మనిషికి 15 వేలే. ఇప్పుడు 30 వేలు చేశారు. అక్కడి ఆసుపత్రి ఖర్చులకి 30 వేల డాలర్లు ఏ మూలకి? మిగతాది నడిపినవాడి మీద పడుతుంది. ఈ పరిమితిని లక్షల డాలర్లకి పెంచేది సప్లిమెంటల్ లయబిలిటీ అనే అదనపు కవరు. నన్నడిగితే అమెరికాలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు కారు కవరు కన్నా ముందు చూడాల్సింది ఇది. కొన్ని సైట్లలో మన దేశం పేరు పెట్టి బుక్ చేస్తే ఈ రెండూ అద్దెలోనే కలిసి వస్తాయి, అది బుకింగ్ కాగితంలో చూసుకోవచ్చు.

"మనకేం అక్కర్లేదు నాన్నా" అని అక్కడి పిల్లలు కొట్టిపారేస్తారు. వాళ్ల వరకు అది నిజమే కావచ్చు. అక్కడ సొంత కారుంటే ఆ పాలసీ సాధారణంగా అద్దె కారుకీ వర్తిస్తుంది, కొన్ని క్రెడిట్ కార్డులు కారు డ్యామేజీ కూడా చూసుకుంటాయి. మన పేరు మీద, మన కార్డుతో తీసుకున్నామంటే ఆ రెండూ లేవు. ఇంకోటి, పిల్లలు అద్దెకి తీసుకున్న కారుని "కాసేపు నేను తోలతాను" అని మనం పట్టుకుంటాం. ఒప్పందంలో మన పేరు డ్రైవరుగా రాయించకపోతే ఎన్ని వేల డాలర్ల కవరున్నా చేతికందకుండా పోవచ్చు. మద్యం తాగి నడిపినా అంతే, ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చిన్నా చితకా జాగ్రత్తలు మీకు తెలిసినవే. ఆర్టీయే ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవడం, అది ఏడాదే చెల్లుతుందని గుర్తుంచుకోవడం, తాళం చేతికివ్వగానే కారు చుట్టూ వీడియో తీయడం. ఫారెక్స్ కార్డు మీద చాలాచోట్ల డిపాజిట్ బ్లాకు ఒప్పుకోరు, మామూలు క్రెడిట్ కార్డు ఉండాలి, దాని లిమిటు ఎక్సెస్‌కి సరిపోవాలి. ఎక్సెస్ రెండు లక్షలై, కార్డు లిమిటు లక్షన్నర అయితే? కౌంటరు దగ్గర వేరే దారిలేక పెద్ద ప్యాకేజీ కొంటారు. అలా కొన్నవాళ్లు నాకు తెలుసు.

పెద్ద ప్యాకేజీ ఎప్పుడూ కొనమని నేననను. మావాడు స్పెయిన్‌లో నాలుగు రోజులు తిరిగినప్పుడు తీసుకోలేదు, ఆ ఏడాది పాలసీతోనే సరిపెట్టాడు. అది నేనూ ఒప్పుకున్నాను. నేనడిగేది ఇప్పుడు ఒకటే. ఆ ఊళ్లో కార్లు మామూలుగా దేనివల్ల పాడవుతాయి, అది వెనక పేజీలో ఉందా లేదా? ఐస్‌లాండ్‌లోనే ఇసుక, బూడిద కవరుని నేను కౌంటరు దగ్గర ఎగతాళి చేశాను. వీక్ దాటాక మిర్దాల్‌సందుర్ అనే ఇసుక మైదానం వస్తుంది. గాలి లేచిన రోజున ఆ ఇసుక కారు రంగుని గీకిపారేస్తుందట. చున్నీ కట్టిన కారుతో వెనక్కి తిరిగాం గనక దాకా వెళ్లలేదు. లేకపోతే రెండో బిల్లు కూడా నా పుణ్యమే అయ్యేది.

మొన్న ఉగాదికి మావాడు ఫోన్ చేశాడు. ఈ సెప్టెంబరులో మళ్లీ ఐస్‌లాండ్‌కే వెళ్దాం, అమ్మకి సరస్సు బాకీ ఉన్నాం అన్నాడు. అద్దె ఒప్పందం పీడీఎఫ్ పంపాడు, పదకొండు పేజీలు. "చదివి చెప్పు నాన్నా" అన్నాడు. చివరి పేజీ నుంచి మొదలుపెట్టాను. తలుపుల సంగతి పదో పేజీలో ఉంది. తొమ్మిదో పేజీలో, రోడ్డు మీదకొచ్చిన గొర్రెని గుద్దితే రైతుకి ఎవరు కట్టాలో కూడా రాశారు.