జత కుదిరితేనే కంప్యూటర్
ఇంట్లో తొలిసారి సొంతంగా కంప్యూటర్ కూర్చుకునేవారికి కొన్ని సూచనలు

కంప్యూటర్ నేడు విలాస వస్తువు కాదు. పిల్లల చదువుకూ, ఇంటి పెద్ద నడిపే దుకాణం లెక్కలకూ, ఇంట్లోనే ఉండి కుట్టుపని, బోధన వంటి ఉపాధి చేసుకునే మహిళల వ్యవహారాలకూ అది అవసరమైన పనిముట్టుగా మారింది. ఇంజనీరింగులో చేరిన కుమారుడో, కుమార్తెయో "అబ్బా! సిద్ధంగా ఉన్నది కొనవద్దు, భాగాలు విడివిడిగా తెస్తే నేనే బిగించుకుంటాను" అని అడుగుతున్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. ఆ కోరిక మంచిదే. అవసరానికి తగిన యంత్రం చేతికి వస్తుంది, తర్వాత మరమ్మతు సులభమవుతుంది, పిల్లలకు ఒక విద్య అబ్బుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న రెండు ఖరీదైన భాగాలు ఒకదానికొకటి పొసగకపోతే, రెండూ పెట్టెల్లోనే ఉండిపోతాయి. పెట్టె తెరిచిన ప్రాసెసర్‌ను, మదర్‌బోర్డును తిరిగి తీసుకునే దుకాణదారులు అరుదు. కాబట్టి కొనుగోలుకు ముందు కాగితంపై చేసే లెక్కే ఈ పనిలో ముఖ్యమైన భాగం. స్క్రూలు బిగించడానికి రెండు మూడు గంటలు చాలు. ఎంపికకు మాత్రం వారం రోజులు కేటాయించినా అది వృథా కాదు.

మొదట అవసరం, తర్వాతే భాగాలు

భాగాల జాబితా రాసే ముందు, ఈ యంత్రంపై ఎవరు ఏ పని చేస్తారో ఒక కాగితంపై రాసుకోవాలి. ఆన్‌లైన్ తరగతులు, దుకాణం లెక్కలు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అను ఫాంట్లలో తెలుగు అక్షరకూర్పు, షాదీ కార్డుల రూపకల్పన వంటి పనులకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ రూపకల్పన, కృత్రిమ మేధ పాఠాలు ఉంటే మాత్రం గ్రాఫిక్స్ కార్డుకు చోటు ఉంచాలి. ఈ ఒక్క నిర్ణయం తర్వాతి అన్ని నిర్ణయాలనూ నడిపిస్తుంది.

ప్రాసెసర్, మదర్‌బోర్డు: తొలి జత

ప్రాసెసర్ కూర్చునే గూటిని సాకెట్ అంటారు. ప్రాసెసర్ సాకెట్, బోర్డు సాకెట్ ఒకటే కావాలి. ఇందులో సర్దుబాటుకు తావు లేదు. ఏఎండీ వారి రైజెన్ 1000 నుండి 5000 శ్రేణి వరకు ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఏఎం4 సాకెట్‌కు చెందుతాయి. 2022లో వచ్చిన 7000 శ్రేణి, ఆ తర్వాతి 8000, 9000 శ్రేణులు ఏఎం5కు చెందుతాయి. ఇంటెల్‌లో 10, 11 తరాలది ఎల్‌జీఏ1200 సాకెట్. 12, 13, 14 తరాలది ఎల్‌జీఏ1700. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ శ్రేణిది ఎల్‌జీఏ1851.

సాకెట్ కలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. బోర్డులో ఉండే బయోస్ అనే మూల ప్రోగ్రాముకు ఆ ప్రాసెసర్ పరిచయం ఉండాలి. ఉదాహరణకు బీ450 బోర్డులు రైజెన్ 5000 శ్రేణి కంటే ముందే మార్కెట్‌లోకి వచ్చాయి. పాత నిల్వలోని బోర్డుకు బయోస్ నవీకరణ జరగకపోతే కొత్త ప్రాసెసర్‌తో తెర వెలగదు. ఏఎం5లోని బీ650 బోర్డులకూ, 9000 శ్రేణికీ మధ్య ఇదే సంగతి వర్తిస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. బయోస్‌ను నవీకరించి ఇమ్మని దుకాణంలోనే అడగడం ఒకటి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో నవీకరించుకునే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డును ఎంచుకోవడం రెండవది. ప్రతి బోర్డు తయారీదారు తన వెబ్‌సైట్‌లో ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ సంచిక కావాలో పట్టిక ఇస్తాడు. కొనేముందు ఆ పట్టిక చూడటం తప్పనిసరి.

ప్రాసెసర్ పేరు చివర ఉండే అక్షరాన్ని కూడా గమనించాలి. ఇంటెల్ కోర్ ఐ5-12400లో గ్రాఫిక్స్ ఉంది, ఐ5-12400ఎఫ్‌లో లేదు. రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంది. రైజెన్ 5 5600లో లేదు. ధర తక్కువని 'ఎఫ్' రకం తెచ్చి, గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా తెరపై ఏమీ కనిపించదు. యంత్రం పాడైందని భయపడేవారు అనేకులు. నిజానికి అక్కడ చిత్రం తయారుచేసే భాగమే లేదు.

ర్యామ్: గాడి చెప్పే మాట

డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు రెండింటికీ 288 కాళ్లు ఉంటాయి గానీ మధ్యలోని గాడి స్థానం వేరు. అందువల్ల ఒకటి మరొకదాని చోట ఎక్కదు. బలవంతంగా నొక్కితే బోర్డు దెబ్బతింటుంది. ఏఎం4కు డీడీఆర్4 మాత్రమే, ఏఎం5కూ ఎల్‌జీఏ1851కూ డీడీఆర్5 మాత్రమే పనికివస్తాయి. ఎల్‌జీఏ1700 విషయంలో జాగ్రత్త మరింత అవసరం. దాని ప్రాసెసర్లు రెండు రకాలనూ స్వీకరిస్తాయి కానీ బోర్డు సాధారణంగా ఏదో ఒక రకానికే తయారవుతుంది. ఒకే బీ760 చిప్‌సెట్‌తో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. పెట్టెపై పూర్తి పేరు చదవకుండా డబ్బు చెల్లించరాదు.

16 జీబీ కావాలంటే ఒకే 16 జీబీ కడ్డీ కన్నా రెండు 8 జీబీ కడ్డీల జత మేలు. రెండు మార్గాలలో సమాచారం ప్రవహిస్తుంది కనుక, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌పై ఆధారపడే యంత్రానికి, స్పష్టమైన వేగం వస్తుంది. నాలుగు గాడులున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుండి రెండవ, నాలుగవ గాడులలో వాటిని అమర్చాలి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది. అది డెస్క్‌టాప్ బోర్డులో పట్టదు.

నిల్వ: ఒకే ఆకారం, రెండు స్వభావాలు

నేటి ఎస్‌ఎస్‌డీలలో ఎక్కువ భాగం చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 ఆకారంలో వస్తున్నాయి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఈ ఆకారంలోనే శాటా రకమూ ఉంది, దానికంటే ఎన్నో రెట్లు వేగమైన ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. ఎన్‌వీఎంఈకి మాత్రమే ఉద్దేశించిన గాడిలో శాటా పట్టీ పెడితే కంప్యూటర్ దానిని గుర్తించదు. కొన్ని బోర్డులలో రెండవ ఎం.2 గాడిని వాడితే ఒకటి రెండు శాటా రంధ్రాలు పనిచేయడం ఆగిపోతాయి. పాత హార్డ్‌డిస్కును కూడా తగిలించదలచినవారు బోర్డు పుస్తకంలో ఈ పేజీ తప్పక చదవాలి.

విద్యుత్తు: పొదుపు చేయకూడని చోటు

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌పై రాసిన వాట్ల సంఖ్యను నమ్మి గ్రాఫిక్స్ కార్డు తగిలించడం ప్రమాదకరం. లెక్క ఇలా వేసుకోవాలి. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకు మరో 50 వాట్లు అనుకుంటే మొత్తం 340 వాట్లకు దగ్గరవుతుంది. నాణ్యమైన 550 వాట్ల సప్లై ఇక్కడ నిశ్చింతగా సరిపోతుంది. 80 ప్లస్ ముద్ర సామర్థ్యాన్ని తెలుపుతుందే తప్ప మొత్తం నాణ్యతకు హామీ కాదు. పేరున్న తయారీదారును, వారంటీ సంవత్సరాలను కూడా చూడాలి.

తీగల కొనలు కూడా కలవాలి. బోర్డుకు 24 కాళ్లది, ప్రాసెసర్‌కు 8 కాళ్లది, గ్రాఫిక్స్ కార్డు కోరితే దానికి వేరొక 8 కాళ్లది అవసరం. ప్రాసెసర్‌కు ఇచ్చే ఎనిమిది, కార్డుకు ఇచ్చే ఎనిమిది ఒకటి కావు. విడదీయగల తీగలున్న సప్లై అయితే, ఒక కంపెనీ తీగలను మరో కంపెనీ సప్లైకి ఎన్నడూ తగిలించరాదు. కొన ఒకేలా ఉన్నా లోపలి అమరిక వేరు కావచ్చు, భాగాలు కాలిపోవచ్చు.

కరెంటు కోతలున్న మన ఊళ్లలో యూపీఎస్ కూడా లెక్కలో భాగమే. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి అది చాలు, పైన చెప్పిన యంత్రానికి చాలదు. ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి. క్యాబినెట్‌ను తాకితే చిన్న జలదరింపు కలిగే ఇళ్లలో సాధారణంగా లోపం కంప్యూటర్‌ది కాదు, మూడవ పిన్నుకు ఎర్తు లేకపోవడమే.

క్యాబినెట్, కూలర్: కొలతల సంగతి

ఏటీఎక్స్ బోర్డు 305×244, మైక్రో ఏటీఎక్స్ 244×244, మినీ ఐటీఎక్స్ 170×170 మిల్లీమీటర్లు. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది గానీ చిన్నదానిలో పెద్దది పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో ఇస్తారు. క్యాబినెట్ ఎంత స్థలం ఇస్తుందో దానితో పోల్చి చూడాలి. కూలర్ విషయంలో ఎల్‌జీఏ1200 రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ1700ది 78. పాత కూలర్‌కు కొత్త బిగింపు సామగ్రి లేనిదే అది సరిపోదు. రైజెన్ 5 5600తో పెట్టెలోనే కూలర్ వస్తుంది. రైజెన్ 7 5800ఎక్స్‌తోనూ, ఇంటెల్ 'కె' రకాలతోనూ రాదు. దాని ఖర్చు ముందే జాబితాలో చేరాలి.

'ఐ7' అనే మాట మాయ

తక్కువ ధరకు "ఐ7, 16 జీబీ ర్యామ్" అంటూ అమ్మే సెట్లు పెద్ద నగరాల మార్కెట్లలో విరివిగా కనిపిస్తాయి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ తరం? ఐ7-3770 అనేది 2012 నాటి మూడవ తరం ప్రాసెసర్. దాని సాకెట్‌కూ, దాని డీడీఆర్3 ర్యామ్‌కూ నేటి భాగాలతో పొత్తు లేదు. విండోస్ 10కు ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0ను, ఇంటెల్‌లో ఎనిమిదవ తరం లేదా ఆపై ప్రాసెసర్‌ను, ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 నుండి పై శ్రేణులను కోరుతుంది. పన్నెండవ తరం ఐ3 కూడా అనేక పనులలో ఆ పాత ఐ7ను మించిపోతుంది. పాతవి కొనడం తప్పు కాదు. కానీ పేరులోని సంఖ్య చూసి కాక, తరం చూసి కొనాలి.

కొనుగోలు, బిగింపు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఒకే ఆవరణలో అనేక దుకాణాలుంటాయి. ఒకే జాబితాను మూడు చోట్ల ఇచ్చి ధర రాయించుకోవడం మర్యాదకు విరుద్ధం కాదు. "అది లేదు, దీనికి సమానమైనదే ఇస్తాం" అన్నప్పుడు అక్కడికక్కడే ఒప్పుకోక, సాకెట్, ర్యామ్ రకం, కొలతలు మళ్లీ సరిచూసుకోవాలి. జీఎస్టీ బిల్లుపై ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి. వారంటీకి అదే ఆధారం. ఎల్‌జీఏ, ఏఎం5 సాకెట్లలో సన్నని కాళ్లు బోర్డుపైనే ఉంటాయి. అవి వంగి ఉన్నాయేమో దుకాణంలోనే చూపించమనాలి. ఇంటికి వచ్చాక వంగినట్లు తెలిస్తే వారంటీ వర్తించదని చెప్పేవారే ఎక్కువ.

బిగించేటప్పుడు నేలపై తివాచీ లేని చోట, చెక్క బల్లపై పని చేయాలి. మధ్యమధ్య లోహాన్ని తాకుతుంటే శరీరంలోని స్థిర విద్యుత్తు పోతుంది. క్యాబినెట్‌లో బోర్డు రంధ్రాలకు సరిగ్గా కింద మాత్రమే ఇత్తడి పొట్టి స్తంభాలు ఉండాలి. అదనంగా ఉన్నది బోర్డు వెనుక తగిలి షార్ట్ కావచ్చు. కూలర్ అడుగున ఉండే పలుచని ప్లాస్టిక్ పొరను తొలగించాలి. క్యాబినెట్‌లో పెట్టడానికి ముందే బోర్డును దాని అట్టపెట్టెపై ఉంచి ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్‌తో ఒకసారి వెలిగించి చూస్తే, లోపం ఉన్నా తేలికగా దొరుకుతుంది. డీడీఆర్5 యంత్రం తొలిసారి వెలిగేటప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లని తెరతో ఉండవచ్చు. తొందరపడి ఆపివేయకూడదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగను బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి.

చివరగా ఇంటి పెద్దలకు మా విన్నపం ఒకటి ఉంది. పిల్లలు జాబితా తెచ్చినప్పుడు ధర ఒక్కటే చూసి కాదనకండి, వెంటనే సరేననకండి. "ఈ బోర్డు సాకెట్ ఏది? ర్యామ్ ఏ రకం? ఎన్ని వాట్లు? క్యాబినెట్‌లో పడుతుందా? తెరకు చిత్రం ఎక్కడి నుండి వస్తుంది?" అనే ఐదు ప్రశ్నలు అడగండి. ఐదింటికీ కాగితంపై సమాధానం రాసి చూపగలిగిన బిడ్డ చేతికి డబ్బు ఇవ్వవచ్చు, స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వవచ్చు.