కదలని ఊరు, మారిన కచేరీలు

మా మేనత్త ఇప్పటికీ ఒడిశాలోని రామనగుడలోనే ఉంటుంది. కిందటి శీతాకాలం సెలవులకు వెళ్ళినప్పుడు భోషాణం అడుగున గుడ్డలో చుట్టి ఉంచిన కాగితాల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. "మీ తాత దాచుకున్నవి నాయనా. ఆ రాత చదివేవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. నువ్వైనా చూడు" అంది.

అందులో రెండు కాగితాలు నన్ను చాలాసేపు పట్టి ఉంచాయి. ఒకటి 1934 నాటి క్రయపత్రం. మొదటి వరుసలో విశాఖపట్నం జిల్లా, గునుపురం తాలూకా అని ఉంది. రెండోది 1938లో తాతా, ఆయన అన్నగారూ పాళ్ళు పంచుకున్న పత్రం. అందులో కోరాపుట్ జిల్లా, గునుపురం తాలూకా అని ఉంది. ఊరు అదే, పొలం అదే. తూర్పున చింతచెట్టు, పడమర గెడ్డ. రెండూ తెలుగులోనే రాశారు.

ఆ నాలుగేళ్ళ మధ్యలో 1936 ఏప్రిల్ 1 ఉంది. ఆ రోజు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాకు చెందిన ఏజెన్సీ కొండప్రాంతంలో చాలా భాగం, జయపురం సంస్థానంతో సహా, కొత్త కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న దాన్నుంచి మా ఊరున్న రాయగడ జిల్లా విడివడింది. సరిహద్దుకు ఇవతల ఆంధ్రలో కూడా ఇదే వరస. మా నాయనమ్మ పుట్టిల్లు పార్వతీపురం దగ్గర. ఆ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళంలోకి, 1979లో విజయనగరంలోకి వెళ్ళింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, కచేరీలే మారాయి. కచేరీతోపాటు దస్త్రాలూ, వాటి భాషా మారాయి. మన కొండప్రాంతపు తెలుగు కుటుంబాల చరిత్ర చెదిరిపోవడానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. మనవాళ్ళు రాసుకోలేదని అంటారు. రాసుకున్నారు, ఆ రాతలు తలో చోట ఉన్నాయి.

మేముండే ఒహాయోలో మా పొరుగావిడ కౌంటీ కోర్టుహౌసుకి వెళ్ళి ఒక్క పూటలో ముత్తాత పెళ్ళి నమోదు, పొలం దస్తావేజు, వీలునామా చూసుకుని వచ్చింది. అన్నీ ఒకే భవనంలో ఉన్నాయి. ఆ సంబరం చూశాకే నాకూ ఈ పని మీద మనసు పుట్టింది. కానీ మనకు ఆ ఒక్క భవనం లేదు. 1936కి ముందువి కావాలంటే విశాఖపట్నంలోని ప్రాంతీయ ఆర్కైవ్స్‌కీ, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కీ పోవాలి. తరవాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా ఆర్కైవ్స్, రాయగడ, కోరాపుట్ కచేరీలు.

పొలం కాగితాల సంగతి ఇంకొంచెం చిక్కు. గునుపురం ప్రాంతం జయపురం సంస్థానంలోది. 1803 నాటి శాశ్వత శిస్తు ఒప్పందంలో ఆ సంస్థానం సర్కారుకు ఏటా కట్టవలసింది 16,000 రూపాయలుగా ఖాయం చేశారు. రైతు శిస్తు కట్టింది సంస్థానానికి. అందుకే కోస్తా బంధువుల ఇళ్ళలో దొరికే సర్కారు పట్టాలు మా కట్టలో లేవు, సంస్థానం రసీదులు ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలో సర్వే సెటిల్‌మెంటు 1938లో మొదలై 1964 దాకా సాగింది. మధ్యలో 1952లో సంస్థానమే రద్దయింది. 1954లో ఒడియాను అధికారభాషగా చేస్తూ చట్టం వచ్చింది. మా పొలం సర్కారు లెక్కలోకి ఎక్కేసరికి ఆ కాగితం పేరు ఖతియాన్, లిపి ఒడియా.

ఇప్పుడది ఒడిశా సర్కారు భూలేఖ్ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకుని ఖాతా నంబరుతో గానీ, ప్లాటు నంబరుతో గానీ, రైతు పేరుతో గానీ వెతకవచ్చు. మా తాత పేరు నాకు మొదట దొరకలేదు. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడ వెనక్కి వెళ్ళింది. పైగా ఒడియా ఉచ్చారణలో ఒక అక్షరం మారింది. ప్లాటు నంబరుతో వెతికితే దొరికింది. మీరూ అలాగే మొదలుపెట్టండి, పేరుతో వద్దు.

రిజిస్ట్రారు కచేరీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఎక్కిస్తారు. రుసుము కట్టి ఎవరైనా దాన్నీ, దాని ఇండెక్సునీ చూడవచ్చు. 3వ పుస్తకంలో వీలునామాలూ, దత్తత చేసుకోవడానికి ఇచ్చిన అధికారపత్రాలూ ఉంటాయి. రాసినవాళ్ళు పోయాక వాటి నకలు ఎవరడిగినా ఇవ్వాలి. దత్తత మాటకున్న విలువ మాకు మా కట్టతోనే తెలిసింది. తాతకూ ఆయన అన్నగారికీ ఇంటిపేర్లు వేరెందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పాళ్ళ పత్రంలో తాత పేరు వెనక "దత్తపుత్రుడు" అన్న ఒక్క మాట ఉంది. మా ఇంటిపేరు ఎక్కడిదో ఆ మాటతో తేలింది. చదువుతుంటే మేనత్త కళ్ళు తుడుచుకుంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషికి తండ్రి కథ అప్పుడే తెలిసింది.

తేదీలకు పెద్దవాళ్ళ నోటిమాటే ఆధారం. "మీ పెదనాన్న ప్రజోత్పత్తిలో పుట్టాడు, గునుపురానికి రైలొచ్చిన ఏడు" అంది అత్త. ప్రజోత్పత్తి అంటే 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పడిన చిన్నరైలు దారి గునుపురం చేరింది 1931లోనే. రెండూ సరిపోయాయి. బడి రిజిస్టరులోని పుట్టినరోజుకన్నా ఈ లెక్కనే నేను నమ్ముతాను. రిజిస్టరు తేదీ చాలాసార్లు బడిలో వేసే రోజున పంతులుగారు అనుకుని రాసింది.

ఇక 1934 క్రయపత్రం. దీని గురించి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

అమ్మిన మనిషి సవర అనే కొండజాతివాడు. పాత ధాన్యం బాకీ కింద ఎకరన్నర చెల్లు పెట్టుకున్నట్టు రాసి ఉంది. చివర వేలిముద్ర, పక్కన రాతగాడి చేతిరాతలో ఆయన పేరు. ఏజెన్సీలో కొండజాతులవాళ్ళు సర్కారు ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు భూమి అమ్మితే చెల్లదని 1917లోనే మద్రాసు చట్టం ఉంది. ఒడిశాలో దాని స్థానంలో 1956లో ఇంకో నిబంధన వచ్చింది. మా పత్రంలో అనుమతి మాట ఎక్కడా లేదు.

సంతకు చింతపండు, పసుపు కొనడానికి వచ్చి, అప్పులిచ్చి, పొలాలు కలుపుకుని స్థిరపడిన మైదానపు కుటుంబాల్లో మాదీ ఒకటి. వంశవృక్షం గీసేటప్పుడు కష్టపడి పైకొచ్చాడని తాత పేరు కింద రాసుకుంటాం. కష్టపడ్డాడు, నిజమే. ఆ వేలిముద్ర వేసిన మనిషి కూడా ఆ పొలంలో కష్టపడ్డవాడే. ఆయన మనవలకు మా దగ్గరున్నట్టు కాగితాల కట్ట లేదు. వాళ్ళ తాత పేరు రాతలో మిగిలింది మా భోషాణంలోనే కావచ్చు.

మన పక్కనే ఒక మహానుభావుడు వాళ్ళ మాటను రాతలో నిలిపే బాధ్యత తెలిసి నడుచుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం వెలువరించారు. వ్యావహారిక భాషకోసం పోరాడినందుకు ఆయన్ని తలుచుకుంటాం. సవరల మాటను రాతలో పెట్టినందుకు కూడా తలుచుకోవాలి.

నేను గీసిన మా వంశవృక్షంలో పొలం ఎవరిదగ్గర నుంచి వచ్చిందో ఆ పేరు, ఏ సంవత్సరమో, ఏ బాకీ కిందో రాశాను. ఆ పత్రం ఫొటో తీసి మేనత్త చేతుల మీదుగా అదే ఊళ్ళో ఉన్న, ఆ పొలం అమ్మిన మనిషి మనవడికి ఇప్పించాను. అది చూసి ఆ మనవడు ముందు తన తాత పేరునే వేలితో తడిమాడని అత్త ఫోనులో చెప్పింది. పొలం విషయం మా అన్నదమ్ముల మధ్య ఇంకా తేలలేదు. తేలేదాకా నేను వదలను.

ఈ సావనీరు చదివే మీలో గునుపురం, గుడారి, రాయగడ, బిస్సం కటక్ వైపు మూలాలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో భోషాణం తెరిపించండి. ప్రతి కాగితానికీ రెండువైపులా ఫొటో తీయండి, వెనక పక్క రసీదు రాతలుంటాయి. పెద్దవాళ్ళ చేత చదివించి గొంతు రికార్డు చేసుకోండి. ఒడియా లిపి నేర్చుకోండి, నాకు నెల రోజులు పట్టింది. కాగితంలో ఎవరి వేలిముద్ర ఉందో ఆ పేరు కూడా రాసుకోండి.

మా మేనత్త ఈ ఉగాదికి ఎనభై నాలుగులో పడింది. ఆ కట్టలో ఇంకా చదవవలసిన కాగితాలు పదకొండు ఉన్నాయి.