పోచంపల్లి: దానం, మగ్గం, ఆసు

పోచంపల్లి అనగానే చదువుకున్నవాళ్లకు 1951 ఏప్రిల్ 18 గుర్తొస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. ఆనాడు వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చారు. ఊరి పేరుకు ముందు 'భూదాన్' చేరింది. చరిత్రకారులకు దాతల పేర్లు దొరికినంత సులువుగా శ్రామికుల పేర్లు దొరకవు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ ఊరిని పట్నంగా నిలబెట్టింది మగ్గమే.

ఇక్కడి చిటికి పనికి మూలం చీరాల తేలియా రుమాలు. నూనె పట్టించిన నూలుతో నేసిన ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవి. ఆ పనితనం ఇక్కడి పద్మశాలీల చేతికొచ్చి, తర్వాత పట్టుచీరకెక్కింది. దారాన్ని ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. పువ్వు దారంలోనే ఉంటుంది, మగ్గం దాన్ని బయటపెడుతుంది.

కట్లకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ పేక దారాన్ని చేత్తో తిప్పాలి, చీరకు వేలసార్లు. ఇది ఇంటి ఆడవాళ్ల పని. మజూరీ మగ్గం పేర వస్తుంది, భుజాల నొప్పి ఆమెకు మిగులుతుంది. మన కథల్లో నేతగాడున్నాడు గాని ఈమె అరుదు. బడి చదువు మధ్యలో ఆగిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా అవే డిజైన్లు మిల్లుబట్టపై అచ్చువేసి చౌకగా అమ్ముతున్నారు. బట్ట తిరగేస్తే తేడా తెలుస్తుంది: అచ్చు వెనకవైపు వెలిసినట్టుంటుంది, చిటికి రెండువైపులా ఒకటే.