పెరటిలో కాకమ్మ కాపురం

మేముండే సేలంలో అరవవారి ఇండ్లలో అన్నం వార్చగానే ముందొక ముద్ద గోడమీద పెట్టి కాకిని పిలుస్తారు. మన ఇండ్లలో ఆ పిలుపు ఆబ్దికాలకే గదా! కాకమ్మకు ఈ భేదం లేదు. అరవ ముద్ద తిని తెలుగు గోడకు ముక్కు రాచుకుంటుంది. రెండు భాషలు వచ్చినందుకు దానికి అన్నమైనా దక్కింది. మాకు ఆఫీసులో పని పెరిగింది.

ఈ వేసవిలో మా వేపచెట్టుమీద గూడు కట్టింది. పుల్లలు చాలక ఇనుప తీగముక్కలు కూడా మోసుకుపోయింది. వెనువెంటనే కోకిల దంపతులు దిగారు. నల్లని మగది ఎదురుగా కూర్చుని కూస్తుంది, కాకులు రెండూ మండిపడి తరుముతాయి, ఈలోగా మచ్చల ఆడకోకిల గూటిలో గుడ్డు పెట్టి జారుకుంటుంది. ఆ గుడ్డు కాకి గుడ్లకన్న ముందే పిల్ల అవుతుంది కూడాను! కోకిలకు పరభృతమని పేరు పెట్టిన పెద్దలకూ పెరడుండే ఉంటుంది.

ఇంతలో పొరుగాయనను కాకి రెండుసార్లు తన్నింది. రెండు తలస్నానాలయ్యాక కొమ్మ నరికించమని పట్టుబట్టారు. కత్తివాడు కూడా వచ్చాడు. మా అమ్మగారు చెట్టుకడ్డంగా నిలిచి, “పసికందులున్న ఇల్లు కూలుస్తామా నాయనా? అవి ఎగిరేదాకా గొడుగు వేసుకో” అన్నారు. పెద్దావిడ మాట తీసివేయలేక, చినుకు లేకపోయినా ఆయన నెలరోజులు గొడుగుతోనే తిరిగారు.

మొన్న కొమ్మమీద కోకిలపిల్ల నోరు తెరచి అరుస్తుంటే కాకి ఆత్రంగా మేత పెడుతోంది. పొరుగాయన చాలాసేపు చూసి, గొడుగు ముడిచి, “ఇన్నాళ్లు నేను గొడుగు పట్టింది కోకిలకా!” అన్నారు.