కోయంబత్తూరు తాయి, ఆమె శ్రోతలు

1914వ సంవత్సరము జనవరి 14వ తేదీన పారిసు నగరమున జరిగిన యొక సంగీతసభలో మూడు క్రొత్త కృతులు వినిపింపబడినవి. అందొకటి రావెల్ రచన, ఒకటి స్త్రావిన్‌స్కీ రచన. మూడవది వారిరువురకును మిత్రుడై, రావెల్ కడ శిష్యరికము చేసిన మోరిస్ దెలాజ్ అను ముప్పది నాలుగేండ్ల స్వరకర్త కూర్చిన ‘నాలుగు హిందూ కవితలు’. ఆ నాల్గింట మొదటిదాని పేరు ‘మదరాసు’. దాని సాహిత్యము, ఏనుగు లక్ష్మణకవి పద్యముల మూలమున తెలుగువారికి చిరపరిచితుడైన భర్తృహరిది. ఆ దినములలో దెలాజ్ హృదయమును హరించిన సంగీతమెట్టిదని వెదకబోయినచో, ఆ జాడ మన చెన్నపట్నపు గాయని యొకతె గ్రామఫోను ప్లేట్లకడకు మనలను గొనిపోవును.

దెలాజ్ తండ్రి బూట్ల పాలిషు వ్యాపారమున సంపన్నుడైనవాడు. తలిదండ్రులతో గూడి 1911-12లో దెలాజ్ భారతదేశమునకు వచ్చెను. దేవాలయములను జూచి తృప్తిపడి మరలిపోవు యాత్రికుల తీరు ఆతనిది కాదు. గాయకుని కంఠము ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు ఎట్లు జారుచున్నది, వైణికుని వ్రేలు తీగను ఎంతదాక లాగుచున్నది, కాగితముపై వ్రాయరాని ఆ నడిమి నాదము ఎట్టిది, అని ఆతని చెవి నిరంతరము పరీక్షించుచుండెడిది. సితారు విద్వాంసుడు విలాయత్ ఖాన్‌కు తాతయైన ఇమ్‌దాద్ ఖాన్ రికార్డును విని, ‘లాహోరు’ అను గీతమునకు ముందు ఒంటరిగా మ్రోగు చెల్లో తీగలపై ఆ జారులను పలికించుటకు యత్నించెను.

అట్లే ఆ చెన్నపట్నపు గాయని తాయి పాడిన రామలింగస్వామి గీతపు రికార్డొకటి ఆతనిని పట్టివైచెను. ఆ పాటను ఇంచుమించు ఉన్నదున్నట్లుగా స్వరపరచి, ఒక కంఠమునకును పియానోకును అమర్చి, దానికి ‘రాగమాలిక’ అని మన పేరే పెట్టెను. అందొక చిన్న యేర్పాటు కలదు: పియానోలో ఒకానొక స్వరపు తీగల క్రింద అట్టముక్క నుంచవలెనని ఆతడు నిర్దేశించినాడు. మీట నొక్కినప్పుడు ఆ స్వరము మ్రోగక, మన తాళవాద్యపు దెబ్బవలె మందముగా పలుకును. పియానో తీగల నడుమ వస్తువులుంచి క్రొత్త నాదములను పుట్టించిన ఘనత అమెరికా స్వరకర్త జాన్ కేజ్‌కు దక్కినది 1940 ప్రాంతమున. దానికి చాల ఏండ్ల ముందే ఒక తమిళ గీతము నందలి లయను గౌరవింపదలచి దెలాజ్ ఈ పని చేసెను. పరదేశపు పాటలోని నాదమునకై తన వాద్యమునే మార్చుకొనుట సామాన్యమైన వినయము కాదు.

ఇంతకును ఈ తాయి ఎవరు? 1872లో దేవదాసీ కుటుంబమున జన్మించి, పళనికుంజరమను పేరు గలిగి, ఊరి పేరుతో కోయంబత్తూరు తాయిగా ప్రసిద్ధికెక్కి, మదరాసులో స్థిరపడి, 1917లో నలువది యైదేండ్ల ప్రాయముననే గతించిన విదుషీమణి. వడలూరు రామలింగస్వామి రచించిన అరుట్పాలను భక్తిగీతములను ఆమె భక్తితో పాడి, రికార్డుల ద్వారమున ఇల్లిల్లు చేర్చెను. వీణ ధనమ్మాళ్‌కు ఈమె సమకాలికురాలు. ధనమ్మాళ్ కీర్తిని మనుమరాండ్రయిన బృంద, ముక్త, బాలసరస్వతి నిలిపిరి. అట్టి వంశబలము తోడుపడని గాయనులకు ప్లేట్లే వారసులైనవి.

ఆ ప్లేటును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. మన అడవులలో దొరకు లక్క ఓడలెక్కి జర్మనీలోని హానోవరు కర్మాగారమునకు చేరి, రాతిపొడితోను మసితోను కలిసి, మన గాయనుల కంఠములను దాల్చి, నల్లని పలకలై తిరిగివచ్చెడిది. 1908లో కలకత్తాలో కర్మాగారము వెలయుదాక ఇదే పద్ధతి. అప్పటికి మైకు లేదు. పెద్ద కొమ్ము నోటికెదురుగా నిలిచి, గొంతు విప్పి పాడినగాని ఆ నాదము మైనపు పలకపై గీతగా పడదు. ఉన్నది మూడు నిమిషములు. రాత్రి తెల్లవార్లు సాగదగిన పాటను ఆ మూడు నిమిషములలో పల్లవి, చరణము, ఒక చిన్న స్వరప్రస్తారము, ముగింపు అని కుదించి చెప్పవలెను. మగ విద్వాంసులు పెక్కురు ఈ యంత్రమునకు వెనుదీయుచుండగా, ముందడుగు వేసినవారు దేవదాసీ గాయనులు. కావుననే దక్షిణదేశ సంగీతమునకు తొలి శబ్దసాక్ష్యమిచ్చినవారిలో వారి స్థానము అగ్రగణ్యము.

అట్టివారి పేర్లే ముందుగా మాసిపోవుటకు కాలము కారణమని చెప్పి తప్పించుకొనుట న్యాయము కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి మదరాసులో సానిమేళములకు వ్యతిరేకముగా ఉద్యమము సాగెను. తెలుగునాట వీరేశలింగము పంతులుగారు దానికి ప్రముఖ సారథి. తుదకు 1947లో చట్టము వచ్చెను. బాలికలను దేవాలయములకు అంకితము చేయు ఆచారము పోవుట మేలేయైనది, సందేహము లేదు. కాని ఆచారమును తొలగించినవారు, ఆ కుటుంబముల విద్యను మాత్రము గ్రహించి, విద్యావతుల పేర్లను చెప్పుటకు సిగ్గుపడిరి. పదములను, జావళీలను సభలు స్వీకరించినవి. వానిని తరతరములుగా కాపాడిన స్త్రీలను సభాద్వారమున నిలిపివేసినవి. ఈ యన్యాయమును ఆ వర్గమునుండియే ఎదిరించినది బెంగుళూరు నాగరత్నమ్మ. మరుగుపడిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను వెదకి 1910లో ప్రకటించి, నిషేధమును ఎదుర్కొని, తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆమెను గూర్చి చెన్నై చరిత్రకారుడు వి. శ్రీరాం 2007లో సమగ్రమైన జీవితచరిత్ర వ్రాసెను. మరుగుపడిన కవయిత్రిని వెలికి దెచ్చిన స్త్రీ తానును మరుగుపడి, మరల వెలికి రావలసివచ్చెను.

ఇట్టి వెదకులాట సంగీతప్రియులందరకును సహజమైన వ్యసనము. అమెరికాలో జాజ్ అభిమానుల చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము బంక్ జాన్సన్ అను ట్రంపెట్ విద్వాంసుడు. 1931లో లూసియానాలో ఒక నృత్యసభయందు జరిగిన కొట్లాటలో ఆతని వాద్యము ధ్వంసమయ్యెను, పండ్లును ఊడినవి. పండ్లు లేనివాడు ట్రంపెట్ ఊదలేడు. న్యూ ఐబీరియా అను చిన్న ఊరిలో కూలిపని చేసికొనుచున్న ఆతనిని, 1939లో వెలువడిన ‘జాజ్‌మెన్’ అను గ్రంథమునకై పాత సంగతులు సేకరించుచున్న విలియం రస్సెల్ మున్నగువారు జాడదీసిరి. అభిమానులు చందాలెత్తి క్రొత్త ట్రంపెట్ కొనిచ్చిరి; ప్రఖ్యాత వాద్యకారుడు సిడ్నీ బెషే సోదరుడైన దంతవైద్యుడు కట్టుడుపండ్లు అమర్చెను; 1942లో ఆతడు తొలిసారి రికార్డుకు వాయించెను. తాయికి అట్టి భాగ్యము లేదు. ఆమెను మరల పాడింప వీలులేదు గనుక, మిగిలిన ప్లేట్లనే సరిగా విననేర్వవలెను.

సరిగా వినుట అనునది చూచినంత తేలిక కాదు. నిమిషమునకు 78 చుట్లనునది తరువాత స్థిరపడిన లెక్క. తొలినాటి ప్లేట్లలో కొన్ని అంతకు తక్కువ వేగమునను, కొన్ని ఎక్కువ వేగమునను ముద్రింపబడినవి. 72 చుట్లతో ముద్రించిన ప్లేటును 78తో త్రిప్పినచో, ఐదు శ్రుతిలో పాడిన గాయని ఐదున్నరకు పైబడి పాడినట్లు తోచును, గమకములు తొందరపడును, కంఠము బాలిక కంఠమైపోవును. ఆమె గొంతు కీచుగా నున్నదని మనము తీర్పు చెప్పి ప్లేటు తీసివేయుదుము. నిజమైన అభిమాని వేగమును కొంచెము కొంచెముగా తగ్గించుచు, ప్రక్కవాద్యపు శ్రుతిని గుర్తించుచు, నాదము సహజమనిపించు చోట ఆపును. అప్పుడుగాని ఆ గదిలో తాయి పాడదు. చెన్నైలో వేలకొలది 78 చుట్ల రికార్డులను కూర్చి, వానిని గూర్చి తెలుగునను ఇంగ్లీషునను విరివిగా వ్రాసిన వి.ఎ.కె. రంగారావుగారివంటివారి శ్రమ విలువ ఇట్టి యెడలనే తెలియును. సేకరణ యనగా రాశి పోయుట కాదు; ప్రతి ప్లేటుకును దాని వేళను, వేగమును, పాడినవారి వివరమును కూర్చుట. సెంట్రల్ స్టేషను చెంత నుండి 1985లో అగ్నికి ఆహుతియైన మూర్ మార్కెట్టు ఇట్టి అభిమానులకు పుణ్యక్షేత్రము. పాత పుస్తకముల కుప్పల ప్రక్కన అరిగిన ప్లేట్లును దొరకెడివి. బొంబాయిలో 1990లో వెలసిన భారతీయ రికార్డు సేకర్తల సంఘము ఈ పనికి దేశవ్యాప్తమైన వేదికను కల్పించినది.

తాయి ప్లేట్లు కొన్ని నేడు డిజిటల్ శబ్దఫైళ్లుగా మారి, కోరినవారికెల్ల వినవచ్చుచున్నవి. అందువలన పని ముగిసినదని తలంపరాదు. ఆనాటి సూచీపత్రములలో పేరుమాత్రముగా నిలిచి, ప్లేటు దొరకని గాయనులు ఇంకను కలరు. వారిలో తెలుగు పాటలు పాడినవారును కలరు. మీ తాతగారి ఇంటి అటకపైనో, పాత పెట్టె అడుగుననో నల్లని బరువైన ప్లేటు కనబడినచో, దానిని స్పిరిటుతో తుడువకుడు. లక్క స్పిరిటులో కరగిపోవును. ఒకదానిపై నొకటి పేర్పక, పుస్తకములవలె నిలువున నుంచుడు. ఎండ తగులనీయకుడు. పగిలినదైనను పారవేయకుడు. చెన్నై తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయమువంటి సంస్థకో, మీ ఊరి సంగీతప్రియునకో చూపుడు. మధ్యనున్న కాగితముపై పేరు చదువరాకున్నను, దాని చుట్టును గీయబడిన సంఖ్యను వ్రాసి పంపుడు; పాడినదెవరో తెలిసికొనుటకు ఆ సంఖ్య తోడ్పడును.