కార్యాలయ లేఖ: అసలు మాట ముందు



సెలవు చీటీ రాయడం మీరు చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నారు. తేదీ ఎక్కడ వేయాలో, "ఆర్యా" అని ఎక్కడ మొదలుపెట్టాలో, "ఇట్లు, తమ విధేయుడు" అని ఎలా ముగించాలో మీకు తెలుసు. ఇదంతా లేఖకు చట్రం మాత్రమే. ఉద్యోగంలో చేరాక మీరు రాసే లేఖకైనా, మెమోకైనా, ఈ-మెయిల్‌కైనా పరీక్ష ఒక్కటే: దాన్ని చదివినవారు చేయవలసిన పని చేశారా, లేదా? ఈ పరీక్షలో తప్పిన ఒక మెమోను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1977 సెప్టెంబరు 24న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రంలో తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోలేదు. రియాక్టరును చల్లబరిచే నీరు దానిగుండా బయటికి పోసాగింది. అత్యవసర పంపులు వాటంతటవే పనిచేయడం మొదలుపెట్టాయి. కాని ప్రెషరైజరు అనే తొట్టిలో నీటిమట్టం పెరుగుతున్నట్లు మీటరు చూపడంతో, నీరు ఎక్కువైందనుకొని ఆపరేటర్లు పంపులను ఆపేశారు. అప్పుడు రియాక్టరు చాలా తక్కువ శక్తితో నడుస్తోంది; వాల్వు సంగతి కూడా కొద్దిసేపట్లోనే గ్రహించారు. కనుక ప్రమాదం తప్పింది.

ఆ రియాక్టరును తయారుచేసిన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ సంస్థలో బెర్ట్ డన్ అనే ఇంజనీరు ఈ సంఘటనలోని తీవ్రతను గుర్తించి, 1978 ఫిబ్రవరిలో మెమో రాశాడు. పంపులను తొందరపడి ఆపితే ఇంధనం నీటినుంచి బయటపడి దెబ్బతినవచ్చు, ఆపరేటర్లకు కొత్త సూచనలు ఇవ్వాలి అన్నది దాని సారాంశం. సూచనలు పంపవలసిన విభాగానికి ఒక సందేహం వచ్చింది: పంపులు ఆపకపోతే వ్యవస్థ అంతా నీటితో నిండిపోయి ఇతర నష్టాలు కలగవా? సహేతుకమైన సందేహమే. దాన్ని ఆగస్టు 3న మరో విభాగానికి మెమోగా పంపారు.

ఆ మెమోలో విషయాలు ఏ క్రమంలో ఉన్నాయో గమనించండి. శీర్షికలో పంపుల ప్రస్తావన ఉంది, ప్రమాదం ప్రస్తావన లేదు. మొదట పాత మెమోల సూచిక, తరువాత నీరు నిండితే వచ్చే చిక్కులు. ఇంధనం నీటినుంచి బయటపడవచ్చన్న మాట చివరి భాగంలో, ఒకే ఒక్క వాక్యంలో ఉంది. అంశాన్ని తేల్చమని అడిగారే కాని, ఎప్పటిలోగా అన్నది లేదు. అది మామూలు సాంకేతిక ప్రశ్నల్లో ఒకటిగా మిగిలిపోయింది. నెలలు గడిచినా ఆపరేటర్లకు కొత్త సూచనలు అందలేదు.

1979 మార్చి 28 తెల్లవారుజామున, పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో అదే సంస్థ తయారుచేసిన రియాక్టరులో మళ్ళీ వాల్వు మూసుకోలేదు. ఆపరేటర్లు మళ్ళీ నీటి ప్రవాహాన్ని తగ్గించేశారు. ఈసారి రియాక్టరు దాదాపు పూర్తి శక్తితో నడుస్తోంది. దాని గర్భంలో సుమారు సగం కరిగిపోయింది. ఈ ప్రమాదానికి శిక్షణ లోపం, నియంత్రణ గది అమరిక వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. ఒక్క మెమో మీదనే భారం మోపడం న్యాయం కాదు. అయినా హెచ్చరిక కాగితం మీద ఉండి కూడా చేరవలసినవారికి చేరలేదన్నది వాస్తవం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మీ కళాశాల రసాయనశాలలో గ్యాసు లీకవుతోందనుకోండి. "విషయం: ప్రయోగశాల పరికరాల గురించి" అని మొదలుపెట్టి, గొట్టాలు ఎప్పుడు కొన్నారో వివరించి, "తగు చర్య తీసుకోగలరని ప్రార్థన" అని ముగిస్తే ఆ కాగితం తపాలు కట్టలోనే ఉండిపోవచ్చు. దానికి బదులు ఇలా రాయండి:

"విషయం: రసాయనశాల రెండో బల్ల వద్ద గ్యాసు లీకు – సోమవారం ప్రాక్టికల్స్‌లోగా గొట్టం మార్పించడం గురించి.

నిన్న సబ్బునీటితో పరీక్షించగా గొట్టం అతుకు వద్ద బుడగలు వచ్చాయి. సిలిండరు మూసి ఉంచాము. కొత్త గొట్టం కొనుగోలుకు నేడే అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. గొట్టం మార్చేవరకు ఆ బల్లపై ప్రయోగాలు జరపము."

ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి: ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా. చూసినదాన్ని చూసినట్లే రాయండి; ఊహించినదాన్ని ఊహ అని చెప్పండి. సైన్సు రికార్డులో పాటించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది. పూర్వచరిత్ర అవసరమైతే చివర జతచేయండి. ప్రాణాపాయం ఉన్నచోట మాత్రం ఉత్తరం రాసి ఊరుకోకండి. ముందు స్వయంగా వెళ్ళి చెప్పండి, తరువాత రాసి ఇవ్వండి, జవాబు రాకపోతే మళ్ళీ అడగండి.

అభ్యాసం: మీ కళాశాలలోనో, వసతి గృహంలోనో వెంటనే సరిచేయవలసిన ఒక లోపాన్ని గుర్తించి, సంబంధిత అధికారికి ఎనిమిది వాక్యాలు మించకుండా లేఖ రాయండి. దాన్ని మీ మిత్రుడికి ఇచ్చి, విషయాన్నీ మొదటి రెండు వాక్యాలనూ మాత్రమే చదవమనండి. ఏం చేయాలో అతను చెప్పలేకపోతే, లేఖ తిరగరాయండి.